లోపలి కోటేశ్వరరావు

రామకోటేశ్వరరావు నోట ఎవరూ ఒక పరుషమైన మాట విని ఎరగరు. బీసెంట్ రోడ్డు పక్క సందులో ఉన్న చీరల షాపులో, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని, ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చీరలు విప్పుతున్నాడు. డెబ్భై చీరలు విప్పించి, "ఊరికే చూద్దామని వచ్చామండీ" అంటూ లేచిపోయే వాళ్ళకి కూడా రెండు చేతులూ జోడించి, "దాందేముందండీ, మళ్ళీ రండి" అనేవాడు. ఆ తర్వాత డెబ్భై చీరలూ ఒక్కొక్కటే మడత పెట్టుకునేవాడు. షాపులో కొత్తగా చేరిన వాళ్ళకి ఆయన్నే చూపించేవారు, ఓర్పంటే ఇదీ అని.

ఇదంతా పైకి కనిపించే కోటేశ్వరరావు సంగతి. లోపల ఇంకొకడు ఉన్నాడు. వాడికి అండీలూ గార్లూ లేవు.

"మెజెంటా కావాలండీ, కానీ మరీ మెజెంటాలా ఉండకూడదు" అని ఒకావిడ అడిగితే, పైవాడు "అర్థమైందండీ" అని అలమార వైపు తిరిగేవాడు. లోపలివాడు, "అర్థమైంది తల్లీ. స్నానం చెయ్యాలి, తడవకూడదు" అనేవాడు. ఇంకొకావిడ కొంగు భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటూ "నాకు నప్పిందంటారా?" అంటే, పైవాడు "మీకోసమే నేసినట్టుందండీ" అనేవాడు. లోపలివాడు, "నేసినవాడు గనక ఇది చూస్తే మగ్గం అమ్ముకుని పునుగులు వేసుకుంటాడు" అనేవాడు. ఇద్దరికీ ఒకటే జీతం.

లోపలివాణ్ణి పుట్టించింది ఆయన తల్లి. వాళ్ళది పామర్రు దగ్గర పల్లెటూరు. తండ్రికి మూడెకరాల మాగాణి, ముప్ఫై ఎకరాలకి సరిపడా నోరు ఉండేవి. పెళ్ళికి పిలిస్తే వెళ్ళి, పప్పు ఉడకలేదని పంక్తి మధ్యలో ప్రకటించేవాడు. పై పొలం ఆసామి కొత్త ఇల్లు కట్టుకుంటే, చూసొచ్చి గొడ్లసావిడి బాగా కుదిరిందన్నాడు. ఆ ఏడు ఆ ఆసామి కాలవ నీళ్ళ వంతు వీళ్ళ చేలోకి రానివ్వలేదు. మూడెకరాల వరీ పొట్ట మీద ఉండగానే ఎండిపోయింది. ఎండిన చేను గట్టున నిలబడి తల్లి కొడుకుతో అంది.

"నీకూ నోరుందని ఊరందరికీ తెలియక్కర్లేదు నాయనా. ఏదన్నా అనాలనిపిస్తే లోపల అనుకో. లోపల అనుకుంటే కాలవ నీళ్ళు ఆగవు."

పదేళ్ళ పిల్లవాడు ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. తంటా ఎక్కడంటే, లోపల అనుకోవడం ఆయనకి పూర్తిగా రాలేదు. బళ్ళో మేష్టారు "మనసులో చదువుకోండి" అన్నప్పుడల్లా పెదవులు కదిలేవి. చప్పుడు రాదు, పెదవులు మాత్రం ఆడతాయి. పెద్దయ్యాక దాన్ని దాచడానికి వక్కపొడి అలవాటు చేసుకున్నాడు. చూసేవాళ్ళు నములుతున్నాడనుకునేవారు. నమిలేది తమనేనని ఎవరికీ తెలియదు.

ఇంట్లోనూ అదే పద్ధతి. భార్య రాజ్యలక్ష్మి ఏం వండిపెట్టినా "బాగుంది" అనేవాడు. గుత్తివంకాయకీ బాగుంది, మాడిన గుత్తివంకాయకీ బాగుంది. మంగళగిరి చీరకీ బాగుంది, ఆవిడ తమ్ముడి ప్రవర్తనకీ బాగుంది. చుట్టాలందరూ "నీ మొగుడు బంగారం, పల్లెత్తు మాట అనడు" అని రాజ్యలక్ష్మిని మెచ్చుకునేవారు. బంగారంతో కాపురం చేయడమంటే బీరువాతో కాపురం చేసినట్టే ఉంటుందని ఆవిడకి తెలుసు. ఆవిడా లోపలే అనుకుంది. కూతురు సాయిశ్రీకి పెళ్ళయి ఏలూరు వెళ్ళిపోయాక, కృష్ణలంకలో ఆ రెండు గదుల ఇంట్లో టీవీ ఒక్కటే మాట్లాడేది.

యాభై ఏడో ఏట కోటేశ్వరరావుకి చెవులు తగ్గాయి. షాపు యజమాని కొడుకు జయంత్ బిజినెస్ చదువు ముగించి వచ్చి, కస్టమర్లకి ఉత్సాహంగా ఉండాలని ప్రతి కౌంటరు మీదా ఒక స్పీకరు పెట్టించాడు. దాని వల్లనో, వయసు వల్లనో, తగ్గడమైతే తగ్గాయి. కోటేశ్వరరావు ఒప్పుకోలేదు. ఈ కాలం జనం మాటని సగం మింగేసి సగం బయటికి వదులుతున్నారని తేల్చుకున్నాడు. టీవీ సౌండు పద్దెనిమిది నుంచి నలభైకి పెంచాడు. అది కూడా టీవీ వాళ్ళ లోపమే.

చెవి తగ్గితే ఎదుటివాడి మాట ఒక్కటే కాదు, తన మాట కూడా తనకి సరిగ్గా వినపడదు. నలభై ఏడేళ్ళుగా పెదవుల మీద ఉత్త గాలిగా ఆడుతున్న మాటకి మెల్లగా గొంతు తోడైంది. గుసగుస కన్నా కాస్త పెద్దగా, మాట కన్నా కాస్త చిన్నగా, ఎదురుగా కూర్చున్న వాళ్ళకి శుభ్రంగా వినపడేంత. వినపడనిది ఆయనకొక్కడికే.

ముందు ఇంట్లో బయటపడింది. ఒకనాడు అన్నంలో పులుసు కలుపుకుంటూ, "ఉప్పు వేయడం మర్చిపోయిందా, లేక బీపీ అని నన్నిప్పటి నుంచే ఆసుపత్రి తిండికి అలవాటు చేస్తోందా" అనుకున్నాడు. రాజ్యలక్ష్మి చేతిలో గరిటె ఆగింది. కాసేపు ఆయన మొహంలోకి చూసింది. లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి కంచం పక్కన పెట్టింది.

కోటేశ్వరరావు ఆశ్చర్యపోయాడు. ఇంకోరోజు ఆవిడ సీరియల్ చూస్తుంటే, "ఆ పిల్ల మెట్ల మీద నుంచి పడటం మొదలుపెట్టి మూడు రోజులైంది, ఇంకా నేల తగల్లేదు" అనుకున్నాడు. ఆవిడ ఫక్కున నవ్వి వార్తలు పెట్టింది. మరోరోజు ఫ్యాను కింద కూర్చుని కాఫీ తాగాలనుకుంటే కాఫీ వచ్చింది. ముప్ఫై ఏళ్ళకి భార్య తన మనసు చదవడం మొదలుపెట్టిందని ఆయనకి నమ్మకం కుదిరింది. అమ్మవారి కొండకి ఆవిడ పదకొండు శుక్రవారాలు వెళ్ళింది, ఆ మహత్యం కావచ్చు. షాపులో పక్క కౌంటరు శౌరయ్యతో గర్వంగా చెప్పాడు కూడా.

"మా ఆవిడకి నేను నోరు విప్పి అడగక్కర్లేదు శౌరయ్యా. మనసులో అనుకుంటే చాలు."

"అవునండీ, తెలుస్తానే ఉంది" అన్నాడు శౌరయ్య, అదోలా చూస్తూ.

షాపులో పరిస్థితి వేరుగా ఉంది. కొందరు కస్టమర్లు ఆయన ఎదుట కూర్చున్న పది నిమిషాలకే మొహం మాడ్చుకుని లేచిపోయేవారు. కొందరు మాత్రం ఎందుకో నవ్వుకుంటూ చకచకా రెండు చీరలు తీసుకుని వెళ్ళేవారు. ఒక ముసలావిడైతే నాలుగో చీర దగ్గర, "నువ్వన్నది నిజమే అబ్బాయ్, ఈ వయసులో నాకెందుకీ చమ్కీలు" అని నేత చీర పట్టుకెళ్ళింది. నేనేం అన్నానా అని ఆయన కాసేపు ఆలోచించి, పెద్దావిడకి మతి చెడిందని సరిపెట్టుకున్నాడు. పనివాళ్ళు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన చుట్టూ చేరడం మొదలుపెట్టారు. తనకి గౌరవం పెరిగిందనుకున్నాడు.

ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. మాఘమాసం ముహూర్తాల ముందు ఒక ఆదివారం, షాపు కిటకిటలాడుతుండగా, గన్నవరం నుంచి తొమ్మిది మంది పెళ్ళివారు వచ్చి ఆయన పరుపు చుట్టూ కూర్చున్నారు. పెళ్ళికూతురు సింధూరి. చీరలు పెట్టేది మగపెళ్ళివారు కాబట్టి మాటంతా కాబోయే అత్తగారు నాగలక్ష్మిది.

"మాకు అమ్మాయి ఇష్టమే ముఖ్యమండీ. తను ఏది పట్టుకుంటే అదే" అంది నాగలక్ష్మి, అందరికీ వినపడేలా.

సింధూరి చిలకాకుపచ్చ మీద కుంకుమరంగు అంచున్న కంచిపట్టు చీర పట్టుకుంది. ఇరవై ఎనిమిది వేలు. నాగలక్ష్మి చిరునవ్వుతోనే ఆ చీరని అమ్మాయి ఒళ్ళోంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది మరీ బరువమ్మా, అంతసేపు నువ్వు మోయలేవు. నీకు లైట్‌వెయిట్‌లో చూద్దాం. ఇది ఉంచండి, నాకు చూసుకుంటాను."

"అలాగేనండీ, లైట్‌వెయిట్‌లో కొత్త స్టాకొచ్చిందండీ" అని కోటేశ్వరరావు వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడే పైన స్పీకర్లో పాట అయిపోయింది. తర్వాతి పాట ఇంకా అందుకోలేదు. ఆ రెండు పాటల మధ్య షాపంతటా వినపడింది.

"అమ్మాయి మోయలేదట. అరవై ఏళ్ళావిడ మోస్తుందట. పీటల మీద కూడా ఈవిడే కూర్చుంటుందేమో, పంతులు గారికి ముందుగా ఒక మాట చెప్పుకుంటే మంచిది."

సింధూరి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. పెళ్ళికూతురి తల్లి అంతవరకూ ఎన్నడూ చూడనంత శ్రద్ధగా సీలింగు చూసింది. నాగలక్ష్మి మొహం ఒళ్ళో ఉన్న చీర అంచు రంగుకి తిరిగింది.

"ఏమన్నారు మీరు?"

"నేనేం అన్లేదండీ" అన్నాడు కోటేశ్వరరావు, నిజాయితీగా, రెండు చేతులూ జోడించి. వెంటనే పెదవులు కదిలాయి. "అనడానికి నేనెవర్ని, ఎదురుగా నిలువుటద్దం పెట్టారుగా."

నాగలక్ష్మి లేచింది. ఆవిడతో పాటు మిగతా ఎనిమిది మందీ లేచారు. జయంత్ మెట్ల మీద నుంచి పరుగున వచ్చి, విషయం విని, ఆవిడకి నాలుగు సారీలు చెప్పి, ఇటు తిరిగాడు.

"ఏంటండీ కోటేశ్వరరావు గారూ, కస్టమరంటే దేవుడని మొన్న ట్రైనింగులో అంతసేపు చెప్పాం కదా."

"తప్పేదన్నా ఉంటే మన్నించండి బాబూ" అని తల వంచుకున్నాడు కోటేశ్వరరావు. వంచుకున్న తలలోంచి మాట వచ్చింది. "గద్వాలుకీ ఉప్పాడకీ తేడా తెలియనివాడు నాకు దేవుణ్ణి చూపిస్తాడట. ఈ పరుపు మీదే లాగు తడిపితే మార్చింది నేను."

దాదాపు నలభై మంది విన్నారు. జయంత్ చెవులు ఎర్రబడ్డాయి. శౌరయ్య గబగబా వచ్చి కోటేశ్వరరావు చెయ్యి పట్టుకుని పై అంతస్తులో స్టాకు గదిలోకి తీసుకుపోయాడు. తలుపు వేసి, ఆయన చెవి దగ్గరకొచ్చి గట్టిగా చెప్పాడు.

"మీరు పైకే అంటున్నారండీ."

"ఏంటి?"

"మీరు మనసులో అనుకునేవన్నీ. పైకే వినపడతన్నాయి."

కోటేశ్వరరావు నవ్వాడు. శౌరయ్య నవ్వలేదు.

"ఎప్పటి నుంచి?"

"వేసవిలో మొదలైందండీ."

"మరి నాకు చెప్పలేదే?"

"ముందు మీరు కావాలనే అంటున్నారనుకున్నా. తర్వాత కుర్రాళ్ళు చెప్పొద్దన్నారండీ, వాళ్ళకి మధ్యాహ్నం పూట కాస్త కాలక్షేపం." శౌరయ్య గొంతు సవరించుకున్నాడు. "నా మటుకు నేను బాధపడ్డానండీ. మా ఇంటి నుంచి చేపల పులుసు తెచ్చి మీకు పెడితే, 'పులుసు ధారాళంగా పోస్తాడు, ముక్క వేయడానికే చెయ్యి రాదు' అన్నారు. మర్నాడు రెండు ముక్కలేశా."

"అప్పుడేమన్నాను?"

"'ఇవాళ రెండేశాడు, చేప చెడిందేమో' అన్నారండీ."

కోటేశ్వరరావు ఒక మూట మీద కూలబడ్డాడు. శౌరయ్య చేప వల్ల కాదు. ఇంట్లో ఎనిమిది నెలలుగా తనేమేం అనుకున్నాడో ఒక్కొక్కటే గుర్తుకొస్తోంది.

సాయంత్రం దాకా ఉండమని ఎవరూ అడగలేదు. రుమాలు నోటికి గట్టిగా అదిమిపట్టుకుని ఆటో ఎక్కాడు. ఆటో అతను అద్దంలో చూసి, "పన్ను పీకించారా అండీ?" అని సానుభూతిగా అడిగాడు. కోటేశ్వరరావు తల ఊపాడు. లోపలివాణ్ణి ఒక్క మాట కూడా అనొద్దని బతిమాలుకున్నాడు. వాడు వినలేదు. 'నిన్న పెరుగు సున్నపు నీళ్ళలా ఉందన్నది విని ఉంటుందా? ఆవిడ నడక గురించి అన్నది? పెళ్ళిచూపులనాడు ఈవిడని చూపించి ఈవిడ చెల్లెల్ని కట్టబెట్టి ఉంటే పోయేది అన్నది?' రుమాలు తడిసిపోయింది.

రాజ్యలక్ష్మి గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. వేళకాని వేళ మొగుణ్ణి చూసి, రుమాలు చూసి, అడగకుండానే అర్థం చేసుకుంది. ఈసారి నిజంగానే చదివింది.

"తెలిసిపోయిందా?" అంది.

ఆయన రుమాలు తీశాడు. "నీకు వినపడ్డాయా?"

"ఆ."

"అన్నీనా?"

"మిక్సీ వేసినప్పుడు తప్ప."

ఆయన గుమ్మానికి చేరగిలబడ్డాడు. "మరి ఒక్కసారన్నా చెప్పలేదేం రాజ్యం?"

ఆవిడ ఇంకో నాలుగు చిక్కుళ్ళు తుంచింది.

"చెబితే మానేస్తారుగా. మొదట రెండు రోజులు ఏడ్చాను. అన్నం కూడా తినలేదు. మీరేమో 'దీనికి ఆకలి లేదంటే నన్ను మిగిలింది తినమంటుంది కాబోలు' అనుకున్నారు. ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్ళ నుంచీ ఈ ఇంట్లో నాతో ఎవరన్నా మాట్లాడారా? 'బాగుంది' అనే మాట నాకు రోజుకి మూడుసార్లు వినపడేది, మాత్రలేసుకున్నట్టు. ఇప్పుడు మీకు ఏది నచ్చదో తెలుస్తోంది. నాకు జ్వరమొచ్చినప్పుడు మంచం పక్కన కూర్చుని ఏమనుకున్నారో గుర్తుందా?"

"లేదు."

"'దీనికేమన్నా అయితే నేనెవరి మీద విసుక్కోవాలి' అనుకున్నారు. మూడుసార్లు అనుకున్నారు. అంతకంటే మంచి మాట మీ నోట నేనెప్పుడూ వినలేదు."

ఆవిడ చెప్పినదాంట్లో సగమే ఆయనకి వినపడింది. "ఏంటీ?" అన్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది. మళ్ళీ "ఏంటీ?" అన్నాడు. రాజ్యలక్ష్మికి ఒళ్ళు మండింది. గోరుచిక్కుళ్ళ చాట పక్కన పెట్టి లేచి నిలబడింది. లోపల తనకీ ఒకత్తి ఉందనీ, మీవాడికన్నా దానికి నోరెక్కువనీ మొదలుపెట్టి, పెళ్ళిచూపులనాటి చెల్లెలి మాట దగ్గర నుంచి, ఇంటికి తెచ్చే డ్యామేజీ చీరల మీదుగా, నిన్నటి పెరుగు దాకా వరసపెట్టి చెప్పింది. గొంతెత్తితేగాని ఆయనకి అందదు. అందుకని ముప్ఫై ఏళ్ళ మనసులో మాట ఆ సందులో మూడిళ్ళకి అందింది. ఎదురింటి సుధామణి గుమ్మంలోకి వచ్చి, అడ్డు రాకుండా, మర్యాదగా, చివరిదాకా నిలబడి విని వెళ్ళింది.

కోటేశ్వరరావు చెవి వెనక చెయ్యి పెట్టుకుని విన్నాడు. కొన్నిచోట్ల తల కూడా ఊపాడు. అంతా అయ్యాక, "పెరుగు సంగతి మాత్రం నేనన్నదే నిజం" అన్నాడు. పైకే అన్నాడు. తెలిసే అన్నాడు.

ఆ వారంలోనే సాయిశ్రీ ఏలూరు నుంచి వచ్చి తండ్రిని సూర్యారావుపేటలో చెవి డాక్టరుకి చూపించింది. డాక్టరు పరీక్ష చేసి, ఈ చెవులతో ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చారని అడిగాడు. "ఎదుటివాళ్ళదే తప్పనుకునేవారు" అంది రాజ్యలక్ష్మి. రెండు చెవులకీ మిషన్లు పెట్టారు. మిషన్లు పెట్టగానే మొట్టమొదట ఆయనకి వినపడింది తన గొంతే. ఉలిక్కిపడి నోరు మూసుకున్నాడు.

ఉద్యోగం పోలేదు. యజమాని పెద్దాయన కొడుక్కి నచ్చజెప్పి, ఆయన్ని పై అంతస్తులో స్టాకు గదికి మార్చాడు. చేనేత వాళ్ళు తెచ్చే సరుకు చూసి, లోపాలు వెతికి పక్కన పెట్టాలి. లోపాలు వెతకడంలో ఆయనకున్న అనుభవం ఎవరికుంది. ఇంక చిలకాకుపచ్చ చీర సంగతి. మర్నాడే నాగలక్ష్మి మళ్ళీ వచ్చి ఆ చీరని సింధూరి పేరు మీదే కట్టించుకుని వెళ్ళింది. మనసు మారి కాదు. ఆదివారం ఆ షాపులో ఉన్నవాళ్ళలో ఆరుగురు గన్నవరం వాళ్ళేనని ఆవిడకి రాత్రికల్లా ఫోన్లొచ్చాయి. ఆ అమ్మకం తాలూకు పేరు శౌరయ్యకి దక్కింది. అతను ఆ సంతోషంలో కోటేశ్వరరావుకి మూడు ముక్కలు వేశాడు. చేప గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు, కనీసం వినపడేలా.

ఇంట్లో మాత్రం చిక్కొచ్చి పడింది. మిషన్లు వచ్చాక లోపలివాడు మళ్ళీ లోపలికే పోయాడు. పది రోజులు చూసి రాజ్యలక్ష్మి అడిగింది.

"ఈ మధ్య మీరేం అనట్లేదు."

"అనుకుంటూనే ఉన్నాను."

"మీలో మీరనుకుంటే నాకేం లాభం? పైకి అనండి."

ఆయన ప్రయత్నించాడు. పప్పుచారు నోట్లో పెట్టుకుని, గొంతు సర్దుకుని, తీరా నోరు తెరిచేసరికి, "చాలా బాగా కుదిరిందండీ" అని వచ్చింది. రాజ్యలక్ష్మి కంచం వైపు చూసింది. "ఆ అండీని షాపులో పెట్టి రండి" అంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు, తొందరగా పోదు. రోజుకొకటి చొప్పున మొదలుపెట్టాడు. మొదటి రోజు చారు పలచనైందన్నాడు. చెప్పాక కాసేపు భయం భయంగా కూర్చున్నాడు. ఏ కాలవా ఆగలేదు. కుళాయిలో నీళ్ళొస్తూనే ఉన్నాయి.

ఫాల్గుణంలో రాజ్యలక్ష్మి మేనకోడలి అరంగేట్రమని కూచిపూడి వెళ్ళారు. పిల్ల అలంకరణ చేసుకుని తెర వెనక సిద్ధంగా ఉంది. తెర ముందు ఏడుగురు పెద్దలు వేదిక మీద కూర్చున్నారు. మొదటి ఆయన కళలు మనకెందుకు అవసరమో ముప్పావుగంట చెప్పాడు. రెండో ఆయన మొదటి ఆయన చెప్పింది ఎంత బాగుందో అరగంట చెప్పాడు. మూడో ఆయన జేబులోంచి కాగితాలు తీశాడు.

రాజ్యలక్ష్మి మెల్లగా మొగుడి వైపు వంగింది. "ఏమనుకుంటున్నారు?"

కోటేశ్వరరావు అటూ ఇటూ చూశాడు. చెవి మిషను సరిచేసుకుని, గొంతు ఎంతుందో చూసుకుని, ఆవిడకి మాత్రమే అందేలా అన్నాడు.

"పిల్ల గజ్జె కట్టేటప్పటికి ఏడో తరగతి. ఈయన దిగేసరికి ఇంటర్ రిజల్ట్స్ వస్తాయి."

రాజ్యలక్ష్మికి పొలమారింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. ముందు వరసలో పెద్దమనిషి వెనక్కి తిరిగి గుర్రుగా చూశాడు, కోటేశ్వరరావు వైపు. ఆయన చేతులు జోడించి, "క్షమించండి" అన్నాడు.

పెద్దమనిషి ముందుకి తిరిగాక రాజ్యలక్ష్మి కళ్ళు తుడుచుకుని, మొగుడి చెవి దగ్గరికి చేరి, ఆ పెద్దమనిషి బట్టతల గురించి ఒక మాట చెప్పింది. కోటేశ్వరరావు ఉలిక్కిపడి భార్య వైపు చూశాడు. ఇన్నేళ్ళలో తన లోపలివాడు ఎన్నడూ అంతదూరం వెళ్ళలేదు. వేదిక మీద మూడో ఆయన రెండో కాగితం తిప్పాడు.